ఫాదర్ హయ్యర్

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ (జూలై 10, 1793 - నవంబరు 7, 1873) ఆంధ్ర దేశంలో పనిచేసిన తొలి అమెరికన్ లూథరన్ మిషనరీ. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన మొట్టమొదటి మిషనరీ కూడా ఈయనే. జర్మనీలో పుట్టి, అమెరికాలో పెరిగి, గుంటూరు, పల్నాడు, రాజమండ్రి ప్రాంతాలలో మూడు దఫాలుగా నివసించాడు. బడులు పెట్టాడు, వైద్యం చేశాడు, వాటికి కావలసిన విరాళాల కోసం సముద్రాలు దాటి తిరిగాడు. 1869లో రాజమండ్రిలోని మిషన్ మూతపడే స్థితికి వచ్చినపుడు, 76 ఏళ్ళ వయసులో తానే స్వచ్ఛందంగా బయలుదేరి వచ్చి దానిని నిలబెట్టడం ఆయన జీవితంలో ముఖ్య ఘట్టం. తెలుగు క్రైస్తవులు ఈయనను ఫాదర్ హయ్యర్ అని పిలుస్తారు. పేరును హేయర్ అని కూడా వ్రాస్తారు.

బాల్యం, విద్యాభ్యాసం

హయ్యర్ జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో జన్మించాడు. తండ్రిది ఉన్ని తోలు వస్త్రాల వ్యాపారం. నెపోలియన్ యుద్ధాలతో ఆ ప్రాంతం అల్లకల్లోలంగా ఉండడం వలన, 1807లో, పద్నాలుగేళ్ళ కుమారుని తల్లిదండ్రులు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ వద్దకు పంపారు. మేనమామ కూడా తోలు వస్త్రాలు, టోపీల వ్యాపారి. బాలుడు ఆ పనిలో కొంత శిక్షణ పొందాడు. అయితే అతని మనసు చదువు మీద, చర్చి మీద ఉన్నది. ఫిలడెల్ఫియాలోని జర్మన్ లూథరన్ గురువుల వద్ద వేదాంత శాస్త్రం చదువుతూ, అక్కడి జర్మన్ వలసదారుల పిల్లలకు బడిపంతులుగా పనిచేశాడు. 1815లో జర్మనీ వెళ్ళి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివి, మరుసటి సంవత్సరం తిరిగివచ్చాడు. 1817లో బోధకుడుగా అనుమతి, 1820లో గురుపట్టాభిషేకం పొందాడు.

1819లో మేరీ వెబ్ గాష్ అనే వితంతువును వివాహం చేసుకున్నాడు. ఆ తరువాత ఇరవై ఏళ్ళ పాటు పెన్సిల్వేనియా, మేరీలాండ్ మొదలుకొని ఇండియానా, కెంటకీ వరకు, రోడ్లు కూడా సరిగా లేని కొత్త వలస ప్రాంతాలలో గుర్రం మీద తిరుగుతూ సంచార బోధకుడుగా పనిచేశాడు. ఆ కాలంలోనే కొంతకాలం సండే స్కూళ్ళ సంఘానికి ప్రతినిధిగా ఉన్నాడు. ఊరూరా తిరిగి పిల్లల కోసం సండే స్కూళ్ళు పెట్టించడం, వాటికి పుస్తకాలు చేర్చడం, పెద్దల వద్ద చందాలు వసూలు చేయడం ఆ ఉద్యోగం. ఎవరిని ఎలా అడిగితే ఇస్తారో, ఇచ్చినవారికి లెక్క ఎలా చెప్పాలో ఆయన అక్కడే నేర్చుకున్నాడు. తరువాతి కాలంలో గుంటూరు బడులకు ఈ విద్యే అక్కరకు వచ్చింది.

భారతదేశానికి ప్రయాణం

భార్య మరణించిన కొద్ది కాలానికి హయ్యర్‌కు విదేశీ సేవకు పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 47 దాటింది. అయితే తీరా బయలుదేరే ముందు ఒక చిక్కు వచ్చింది. 1837 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత అమెరికాలో విరాళాలు తగ్గాయి. లూథరన్ సంఘాల వారు సొంతంగా భారం మోయలేక, పెద్ద సంస్థ అయిన అమెరికన్ బోర్డుకు తోడుగా పనిచేయాలని నిర్ణయించారు. ఆ బోర్డు లూథరన్లది కాదు. ఇతర శాఖ వారి సొమ్ముతో, వారి అజమాయిషీలో పనిచేయడానికి అంగీకరించక హయ్యర్ ఆ నియామకానికి రాజీనామా చేశాడు. తరువాత పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే లూథరన్ గురువుల సంఘం ఆయన పోషణ భారం స్వీకరించింది. ఈ పట్టుదలను కొందరు సంకుచితత్వంగా భావించవచ్చు. కాని డబ్బు ఇచ్చేవారు ఎవరో, పని చెప్పేవారు ఎవరో ముందే తేల్చుకొనడం వలన తరువాతి ముప్పై ఏళ్ళ కథ నడిచిందన్నది కూడా నిజం.

హయ్యర్ బయలుదేరే ముందు బాల్టిమోర్‌లో సంస్కృతం, కొంత వైద్యం అభ్యసించాడు. 1841 అక్టోబరులో బోస్టన్ నుండి తెరచాప ఓడలో బయలుదేరి, 1842 మార్చిలో కొలంబో చేరాడు. అక్కడి నుండి తమిళ దేశం మీదుగా, ఎక్కువ భాగం పల్లకీలో, మద్రాసు వచ్చాడు. అక్కడి నుండి ఉత్తరంగా తెలుగు ప్రాంతానికి సాగి, 1842 జూలై 31న గుంటూరు చేరాడు.

గుంటూరులో

గుంటూరును ఎంచుకొనడానికి ఒక ప్రధాన కారణం అక్కడి కలెక్టరు హెన్రీ స్టోక్స్. ఈయన అంతకుముందే తమ జిల్లాకు ఎవరైనా మిషనరీని పంపవలసినదిగా ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీని కోరాడు. ఆ సొసైటీ పంపిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నాన్ని స్థావరం చేసుకున్నారు. హయ్యర్ రాగానే స్టోక్స్ ఆయనను ఆహ్వానించి, తాను నడుపుతున్న పాఠశాలను అప్పగించి, ఆర్థిక సహాయం కూడా చేశాడు.

ఆనాటి గుంటూరు పరిస్థితి చెప్పుకోవలసి ఉంది. పదేళ్ళ క్రితం, 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువుకు ఆ జిల్లా తుడిచిపెట్టుకుపోయింది. ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మంది మరణించారని అంచనా. దీనినే డొక్కల కరువు అంటారు. హయ్యర్ బడిలో చేరిన పిల్లలు ఆ కరువు తరువాత పుట్టినవారు, లేదా దానిని తట్టుకొని మిగిలినవారు. వీధి బడులు ఉన్నా అవి అయ్యవారికి జీతం ఇచ్చుకోగల కుటుంబాల పిల్లలకే. దళితవాడల పిల్లలకు, ఏ కులంలోనైనా ఆడపిల్లలకు, అక్షరం అందుబాటులో లేదు.

హయ్యర్ మొదట దుబాసీ సహాయంతో మాట్లాడుతూ, తెలుగు నేర్చుకుంటూ, కొద్ది నెలల్లోనే బడులు ప్రారంభించాడు. బాలికలకు కూడా బడి పెట్టాడు. అప్పటికి ఊళ్ళో క్రైస్తవులు లేరు కనుక ఉపాధ్యాయులు హిందువులే. ఈ బడుల లక్ష్యం చదువు ఒక్కటే కాదు, క్రైస్తవ మత ప్రచారం కూడా. హయ్యర్ ఆ విషయాన్ని ఎన్నడూ దాచలేదు. అందుచేతనే కొన్ని కుటుంబాలు పిల్లలను పంపడానికి సందేహించాయి. దళిత బాలురతో ఒకే గదిలో కూర్చోబెట్టడానికి అగ్రవర్ణాల వారు అభ్యంతరం చెప్పడం ఆ కాలపు మిషన్ బడులన్నిటికీ ఉన్న సమస్య. మచిలీపట్నంలో 1843లో పాఠశాల స్థాపించిన నోబుల్ అగ్రవర్ణాల బాలురను ఆకర్షించడానికి ప్రాధాన్యం ఇచ్చాడు. లూథరన్ బడులు క్రమేణా పేద కులాల వైపు మొగ్గాయి.

విరాళాల తీరు

ఈ బడులకు డబ్బు రెండు మార్గాల నుండి వచ్చేది. ఒకటి ఇక్కడి ఆంగ్లేయ అధికారుల చందాలు. స్టోక్స్ వంటివారు ఉన్నంత కాలం ఈ సొమ్ము వెంటనే చేతికి అందేది. కాని కలెక్టర్లు బదిలీ అయిపోతారు. రెండవది అమెరికాలోని సంఘాలు, సండే స్కూళ్ళ పిల్లలు పోగు చేసే కానుకలు. ఇది చిన్న మొత్తాలతో కూడినదైనా ఏళ్ళ తరబడి వచ్చేది. అయితే ఆ రోజులలో గుంటూరు నుండి ఉత్తరం ఫిలడెల్ఫియా చేరడానికే నెలలు పట్టేది. ఒక బడికి కప్పు వేయాలంటే అడిగిన ఉత్తరానికి జవాబు వచ్చేసరికి ఒక వానాకాలం దాటిపోయేది.

పంపినవారికి తమ డబ్బు ఏమైందో తెలియాలి. అందుకోసం మిషనరీలు వ్రాసే ఉత్తరాలను అమెరికాలో చర్చి పత్రికలు అచ్చు వేసేవి. సింహళంలోని జాఫ్నా వంటి చోట్ల అమెరికన్ మిషన్ బడులలో మరొక పద్ధతి నడిచింది. ఒక బాలుని పోషణకు ఏటా డబ్బు పంపే దాత పేరునే ఆ బాలునికి పెట్టేవారు. దాతకు తృప్తి కలిగినా, పిల్లవాని సొంత పేరు మరుగున పడేది.

గోదావరి డెల్టాలో అంతకుముందే ఇటువంటి ప్రయత్నం మరొకటి జరిగింది. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురంలో స్థిరపడ్డారు. వీరికి ఏ సంస్థ నుండీ నిర్ణీత జీతం లేదు. స్వచ్ఛందంగా వచ్చిన కానుకలతోనే కాలం గడిపారు. తరువాత గోదావరి డెల్టా మిషన్‌గా ప్రసిద్ధమైనది వీరి పనే.

వైద్య విద్య, పల్నాడు

ఆరోగ్యం దెబ్బతిని హయ్యర్ 1846లో అమెరికా వెళ్ళాడు. విశ్రాంతి తీసుకోవలసిన ఆ రెండు సంవత్సరాలలో బాల్టిమోర్‌లో సెయింట్ జాన్స్ చర్చిని స్థాపించాడు. అక్కడే వైద్య కళాశాలలో చేరి 1847లో ఎం.డి. పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 54 సంవత్సరాలు. తెలుగు గ్రామాలలో జ్వరాలకు, కలరాకు మందు ఇవ్వలేని బోధకుడు ఎందుకూ కొరగాడని అనుభవం మీద గ్రహించడమే దీనికి కారణమై ఉండాలి.

1848లో తిరిగివచ్చిన తరువాత, గుంటూరు పనిని అప్పటికే వచ్చి ఉన్న వాల్టర్ గన్‌కు వదలి, 1849లో పల్నాడులోని గురజాలకు వెళ్ళాడు. రాళ్ళ నేల, మండు వేసవి, దారి సౌకర్యం లేని ప్రాంతం అది. ఇక్కడ దళిత కుటుంబాల నుండి ఆదరణ ఎక్కువగా లభించింది. గ్రామ బడులు పెరిగాయి. కొన్నేళ్ళలోనే పల్నాడు ఈ మిషన్‌కు గుంటూరు కంటే బలమైన క్షేత్రమైంది. 1851లో గన్ మరణించడంతో రెండు ప్రాంతాల బాధ్యతా పెరిగింది. 1857లో, అరవై నాలుగేళ్ళ వయసులో, ఇక తన పని పూర్తయినదని భావించి హయ్యర్ అమెరికా తిరిగి వెళ్ళాడు.

రాజమండ్రి మిషన్ పూర్వ చరిత్ర

రాజమండ్రిలోని లూథరన్ మిషన్ హయ్యర్ స్థాపించినది కాదు. 1840వ దశకం మధ్యలో ఉత్తర జర్మన్ మిషనరీ సొసైటీ పక్షాన వాలెట్ అనే యువకుడు తెలుగు దేశానికి వచ్చాడు. గుంటూరులో హయ్యర్‌ను సంప్రదించి, 1845లో రాజమండ్రిలో స్థావరం ఏర్పాటు చేశాడు. వారి వెనుక సి.డబ్ల్యు. గ్రోనింగ్, హైసె మొదలైనవారు వచ్చారు. 1848 నాటి విప్లవాల వలన జర్మనీలో విరాళాలు ఆగిపోగా, ఆ సొసైటీ 1850లో రాజమండ్రిని అమెరికన్ లూథరన్లకు అప్పగించింది. ఎక్కడో ఐరోపా రాజధానులలో లేచిన అలజడికి గోదావరి గట్టున ఒక బడి చేతులు మారింది.

అదే కాలంలో పట్టణానికి దిగువన ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట నిర్మాణం జరుగుతున్నది. 1847లో మొదలైన ఆ పని 1852లో పూర్తయింది. వరదలకు, కరువులకు ఆలవాలమైన డెల్టా కొద్ది సంవత్సరాలలో వరి పొలాలుగా మారింది. కాని నీరు వచ్చినంత త్వరగా పాలేరు పిల్లల చేతికి పలక రాలేదు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. డాలరు విలువ పడిపోయింది, విరాళాలు ఎండిపోయాయి, కొత్త మనుషులు రావడం ఆగింది. ఆ యుద్ధం వలననే భారతదేశపు పత్తికి గతంలో ఎన్నడూ లేని ధర పలికినదని గుర్తుంచుకోవాలి. రైతుకు, షావుకారుకు లాభం తెచ్చిన యుద్ధం బడిని ఎండగట్టింది. హైసె, గ్రోనింగ్ స్వదేశం వెళ్ళిపోయారు. రాజమండ్రి చూసుకుంటున్న ఆడమ్ లాంగ్ 1866లో మశూచి సోకి మరణించాడు. ఆ దంపతుల ఇద్దరు పిల్లలు కూడా అదే వ్యాధికి బలి అయ్యారు. గుంటూరు, పల్నాడు, గోదావరి ప్రాంతాలు అన్నిటికీ అన్‌గాంస్ట్ ఒక్కడే మిగిలాడు. దీనికి తోడు 1867లో అమెరికా లూథరన్ సంఘాలు రెండుగా చీలిపోయాయి. ఈ స్థితిలో రాజమండ్రి, సామర్లకోట స్థావరాలను చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చివేయడానికి ఏర్పాట్లు మొదలయ్యాయి.

రీడింగ్ సభ

హయ్యర్ 1857 తరువాత విశ్రాంతి తీసుకోలేదు. మిన్నెసోటా వెళ్ళి సెయింట్ పాల్ పరిసరాలలోని కొత్త వలసదారుల మధ్య పనిచేశాడు. 1860లో ఏర్పడిన మిన్నెసోటా సినడ్‌కు తొలి అధ్యక్షుడయ్యాడు. వయసు పైబడిన తరువాత జర్మనీ వెళ్ళాడు. అక్కడ పాత సహచరుడు గ్రోనింగ్‌ను కలిశాడు. గ్రోనింగ్ అప్పటికి హెచ్.సి. ష్మిట్ అనే యువకుని భారతదేశ సేవకు సిద్ధం చేస్తున్నాడు. రాజమండ్రిని వదులుకుంటున్నారన్న వార్త తెలిసినపుడు హయ్యర్ ఊరుకోలేకపోయాడు. వెంటనే అమెరికా చేరి, 1869లో పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణంలో జరిగిన మినిస్టీరియం సభకు హాజరయ్యాడు.

ఆ సభలో ఆయన కోరినది డబ్బు మాత్రమే కాదు. రాజమండ్రిని ఇతరులకు ఇవ్వవద్దని, తామే స్వీకరించాలని వాదించాడు. అందుకు మనుషులు లేరన్న అభ్యంతరానికి, తానే వెళ్ళి కొత్తవారు వచ్చేవరకు పని చక్కబెడతానని చెప్పాడు. ఆయన చేతిలో అప్పటికే ప్రయాణపు సంచి ఉన్నదని, ఎప్పుడు బయలుదేరగలరని అడిగితే ఇప్పుడే అని బదులిచ్చాడని లూథరన్లు ఈనాటికీ చెప్పుకుంటారు. సంచి మాట ఎలా ఉన్నా, ఆ వేసవి ముగిసేసరికి ఆయన ఓడ ఎక్కిన మాట నిజం. సభ తన నిర్ణయాన్ని మార్చుకుని రాజమండ్రిని నిలుపుకున్నది.

రాజమండ్రిలో

1869 చివర హయ్యర్ రాజమండ్రి చేరాడు. మిషనరీలు లేని కాలంలో అక్కడి పనిని పూర్తిగా ఆగిపోనీయకుండా కాపాడినది స్థానిక ఉపదేశకులు, ఉపాధ్యాయులు. వారిలో తోట జోసెఫ్, నేలప్రోలు పౌలుస్ ముఖ్యులు. విదేశీ మిషనరీల జీవిత చరిత్రలలో వీరి పేర్లు ఒక వాక్యానికి మించి కనబడకపోవడం విచారకరం. హయ్యర్‌కు మిగిలిన బడులు, మిగిలిన సంఘాలు వారి చలవే. తరువాత కొన్నేళ్ళకు, రాజమండ్రి మిషన్‌లో గురుపట్టాభిషేకం పొందిన తొలి తెలుగువారు వీరిద్దరే.

హయ్యర్ ఉన్నది సంవత్సరం పైచిలుకు మాత్రమే. ఆ కొద్ది కాలంలో బడులను తిరిగి క్రమంలో పెట్టాడు, గ్రామాలు తిరిగాడు, ఆస్తుల వ్యవహారాలు సరిచేశాడు, అమెరికాకు ఉత్తరాలు వ్రాసి చందాలు మళ్ళీ మొదలయ్యేలా చేశాడు. 1870 ఆరంభంలో సహాయంగా వచ్చిన బెకర్ అనే యువకుడు కొద్ది నెలలకే మరణించాడు. డెబ్బై ఏడేళ్ళ వృద్ధుడు తన కంటే ఎంతో చిన్నవానిని ఖననం చేసి మళ్ళీ ఒంటరివాడయ్యాడు. అదే సంవత్సరం ష్మిట్ వచ్చాడు. 1871లో పౌల్సన్ కూడా చేరాడు. తన మాట ప్రకారం పనిని యువకుల చేతిలో పెట్టి, 1871 జనవరిలో హయ్యర్ చివరిసారిగా తెలుగు దేశాన్ని విడిచాడు. ష్మిట్ రాజమండ్రిలో సుమారు మూడు దశాబ్దాలు పనిచేశాడు.

చివరి రోజులు

అమెరికా చేరిన తరువాత ఫిలడెల్ఫియాలోని లూథరన్ వేదాంత పాఠశాలలో విద్యార్థుల బాగోగులు చూసే గురువుగా నియమితుడయ్యాడు. 1873 నవంబరు 7న అక్కడే మరణించాడు. పెన్సిల్వేనియాలోని సోమర్సెట్ కౌంటీలో భార్య సమాధి పక్కన ఆయనను ఖననం చేశారు.

తరువాతి పరిణామాలు

గుంటూరు, రాజమండ్రి మిషన్లు వేర్వేరు అమెరికన్ సంఘాల కింద అర్ధశతాబ్దానికి పైగా విడివిడిగా పెరిగాయి. ఈ కాలంలో ఆడపిల్లల చదువుకు, స్త్రీ శిశు వైద్యానికి అమెరికాలోని మహిళా సంఘాల విరాళాలు ముఖ్య ఆధారమయ్యాయి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అక్కడ ఆసుపత్రి స్థాపించింది. రాజమండ్రిలో డాక్టర్ లిడియా వోర్నర్ కృషితో 1911లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి ఏర్పడింది. విరాళాలు అన్నీ సముద్రం అవతలి నుండే రాలేదు. ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు తన కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా కుగ్లర్ ఆసుపత్రి వద్ద రోగుల బంధువుల కోసం సత్రం కట్టించాడు.

1927లో రెండు మిషన్ల సంఘాలు కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. దీని కేంద్రం గుంటూరు. గోదావరి జిల్లాలలో రాజమండ్రి, పెద్దాపురం, భీమవరం మొదలైన చోట్ల లూథరన్ పాఠశాలలు వెలిశాయి. 1964లో వివిధ శాఖల వేదాంత పాఠశాలలు కలిసి రాజమండ్రిలో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీగా ఏర్పడగా, అది 1970వ దశకంలో హైదరాబాదుకు తరలింది. రాజమండ్రి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరంగా మారింది.

హయ్యర్ జీవితంపై థియొడోర్ బాక్‌మన్ రచించిన ఆంగ్ల గ్రంథం, గుంటూరు మిషన్‌కు నూరేళ్ళు నిండిన 1942లో వెలువడింది. అమెరికా లూథరన్ల పంచాంగంలో నవంబరు 7 ఆయన స్మారక దినం. తెలుగు లూథరన్లు మాత్రం ఆయన మరణించిన రోజుకు బదులు, గుంటూరు చేరిన జూలై 31ని స్మరించుకుంటారు.